అందఱును మనవారే, ఐనను తాళము వలయును



విద్యార్థి సహాయనిధిని గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. నిధి లెక్కలు నివేదికయందు గలవు. మేము నిధి నిర్వహణమందలి యొక లోపమును మనవి చేసెదము. ఆ లోపము మాదే.

మన వసతిగృహమందలి కంప్యూటరు లినక్సు అను ఆపరేటింగు సిస్టముతో నడచును. దానికి మేలుబంతియైన యూనిక్సును 1969లో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువా రారంభించిరి. అందు ప్రతి ఫైలునకును మూడు తెగలవారు గలరు: యజమాని, వర్గము, ఇతరులు. వ్యాకరణము చదివినవారు ఉత్తమ, మధ్యమ, ప్రథమ పురుషలను దలచుకొనవచ్చును. ఒక్కొక్క తెగకు చదువుట, వ్రాయుట, నడపుట యను మూడధికారములు. వాని విలువలు 4, 2, 1. మూడును గూడిన 7. కావున 600 అనగా, యంత్రనిర్వాహకుడు తప్ప, యజమాని యొక్కడే చదివి వ్రాయగలడు. 777 అనగా ఆ ఫైలు వఱకు పోగలిగిన వారెల్లరును దానిని చదివి, వ్రాసి, నడపగలరు.

ఒకనాడు సహాయపు దరఖాస్తుల ఫైలు తెఱవబోగా అనుమతి లేదని యంత్రము తెలిపెను. "అందఱును మనవారే గదా, 777 పెట్టుము నాయనా" అని పనిచేయు బాలునితో మేమే చెప్పితిమి. నెల తిరుగకమునుపే యొక విద్యార్థి తండ్రి యప్పులును, తల్లి రోగమును తోడి బాలుర నోళ్లలో బడెను. ఆ పిల్లవాడు సహాయము వలదని వ్రాసియిచ్చి యింటికి వెడలిపోయెను. మేము పోయి క్షమాపణ కోరితిమి. తండ్రి మాకు మజ్జిగ యిచ్చి, ఏమియు ననక యూరకుండెను.

ఇట్టి పొరపాటు పెద్దలును చేసినదే. పూర్వపు యూనిక్సులో పాస్‌వర్డుల గూఢరూపము లందఱును చదువదగిన ఫైలునందే యుండెడివి. 1988 నవంబరు 2న ఇంటర్నెట్టున వ్యాపించిన మారిస్ పురుగు అను ప్రోగ్రాము, తన యుపాయములలో నొకటిగా, ఆ ఫైలును చదివి పాస్‌వర్డుల నూహించెను. పిదప వానిని నిర్వాహకుడు మాత్రమే చదువగల వేఱు ఫైలునందు దాచు పద్ధతి వ్యాపించెను.

మఱియొక సూక్ష్మము గలదు. ఫైలునకు 600 పెట్టినను, అది యున్న ఫోల్డరునందు వ్రాయు అధికార మందఱికి నున్నచో, సామాన్యముగా నెవరైనను దానిని తొలగించి మాఱుదాని నుంపవచ్చును. పెట్టెకు తాళము వేసి గది తలుపు తెఱచియుంచిన, పెట్టెనే మోసికొనిపోరా?

కావున శాఖాసంఘములవారికి మా విన్నపము: ఎవరి పని కెంత వలయునో అంతటి యధికారమే యిండు. దాతల ధనమును కాపాడునట్లే గ్రహీతల మానమును కాపాడుడు. ఇప్పుడు ఆ ఫైలునకు 600, ఫోల్డరునకు 700 పెట్టించి, కార్యదర్శిగారిని యజమానిగా జేసితిమి. నేడు మేమును దానిని చదువజాలము. అదియే మాకు తృప్తి.