ఆక్లాండులో ఒక చలికాలం
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగం)



ఉగాది పచ్చడి తిని ఎండలను గురించి మాట్లాడుకోవలసిన వేళ, మేము చలిని గురించి చెప్పబూనినందుకు నవ్వుకోకండి. ఈ సభలోని పెద్దలు కొందరు త్వరలో న్యూజీలాండులోని పిల్లల వద్దకు బయలుదేరుతున్నారు. మన ఎండలు ముగిసే జూన్ మొదలు ఆగస్టు వరకు అక్కడ చలికాలం. అందుచేత కార్యదర్శిగారు మమ్మల్ని నాలుగు మాటలు చెప్పమన్నారు.

మేము దంపతులము ఆ మూడు నెలలూ ఆక్లాండులో మా అబ్బాయి ఇంట గడిపాము. ఆ ఊళ్లో మంచు కురవదు. జూలైలో రాత్రి సుమారు 7, 8 డిగ్రీలు, పగలు 14, 15 ఉంటుంది. బెంగుళూరు పుష్యమాసం చూచినవారమే గదా, శాలువా ఒకటి చాలునని ధీమాగా వెళ్లాము. కాని బెంగుళూరులో మధ్యాహ్నానికి ఎండ వచ్చి గోడలు వెచ్చబడతాయి. అక్కడ తరచు వాన. పాత కొయ్య ఇల్లు. ఇల్లంతటినీ వెచ్చచేసే ఏర్పాటు లేదు. ముందుగదిలో ఒక్క హీట్ పంపు ఉన్నది.

మేము కిటికీలన్నీ బిగించాము. తడిబట్టలు గదిలోనే ఆరవేశాము. అబ్బాయికి కరెంటు ఖర్చు పెరుగునని, వాళ్లు ఆఫీసులకు వెళ్లగానే హీట్ పంపు ఆపివేసి దుప్పట్లు కప్పుకొన్నాము. “చలి వేస్తున్నదా, మామయ్యా?” అని కోడలు అడిగితే, “అబ్బే, హాయిగా ఉన్నదమ్మా” అన్నాము.

నెల తిరిగేసరికి బీరువా వెనుక గోడకు నల్లబూజు పట్టింది. మా ఇంటావిడకు దగ్గు పట్టుకొన్నది. వైద్యుడు మందు వ్రాయకముందే, “మీరు పడుకొనే గది ఎట్లా ఉంటుంది?” అని అడిగాడు. మా గుట్టు బయటపడింది. “మీరు చెప్పకపోతే నాకెట్లా తెలుస్తుంది, నాన్నా?” అన్నాడు అబ్బాయి. మాకు తల ఎత్త ముఖం లేకపోయింది.

ఇంటి లోపల 18 డిగ్రీలైనా ఉండడం క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. వృద్ధులకు అంతకన్న ఎక్కువ కావలసిరావచ్చు. అద్దె ఇళ్లలో ముందుగదిని 18 డిగ్రీలకు వేడిచేయగల హీటరు ఉండవలెనని న్యూజీలాండు ప్రభుత్వం 2019లో నిబంధనలు తెచ్చింది. 2025 జూలై 1తో వాటి గడువు కూడా ముగిసింది. కనుక అద్దె ఇంట హీటరు అడగడం హక్కే.

ఉదయం పది పదిహేను నిమిషాలు కిటికీలు తెరచి తేమను పోనివ్వండి. అన్నం, పప్పు ఉడికేటప్పుడు మూతపెట్టి, ఆవిరి లాగే ఫ్యాను వేయండి. బట్టలు వసారాలో ఆరవేయండి. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. ఉత్తరపు కిటికీ తెరలు పగలు తీసి, పొద్దుగుంకకముందే వేయండి. హీట్ పంపు బయటి గాలిలోని వేడిని లోపలికి తెస్తుంది గనుక, మామూలు కరెంటు హీటరుకన్న ఖర్చు తక్కువ. కూర్చొనే గది వెచ్చచేసుకొని తలుపు మూయండి.

మూసిన గదిలో కుంపటి మాత్రం ఎన్నడూ వెలిగించకండి. బొగ్గుల నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడు కంటికి కనపడదు, వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఉన్ని మేజోళ్లు, స్వెట్టర్లు వెంట తీసుకొని వెళ్లండి. మొగమాటం మాత్రం ఇక్కడే వదలి వెళ్లండి. చలి వేస్తే పిల్లలతో చెప్పండి.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు. సెలవు.