ముందు ఆమెను అడగండి



పట్టాలు అందుకుంటున్న యువ డాక్టర్లూ, నర్సులూ, రేపు మీ ఓపీకి రెండో కాన్పయిన 23 ఏళ్ల అమ్మాయి వస్తుంది. పక్కన అత్తగారు, గుమ్మం దగ్గర భర్త. పాపకి ఎన్నో నెలని మీరు అమ్మాయినే అడుగుతారు, జవాబు అత్తగారు చెబుతుంది. "ఇద్దరు చాలమ్మా, ఆపరేషన్ చేసెయ్యండి" అనేదీ ఆవిడే. అమ్మాయి తలొంచుకుని పాప చొక్కా సర్దుతూ ఉంటుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లోని 15-49 ఏళ్ల వివాహితల్లో నూటికి దాదాపు 70 మంది పిల్లలు పుట్టకుండా ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ నూటికి ఒకటి కూడా లేదు. దీన్ని కుటుంబ నియంత్రణ విజయం అంటారు. పిల్లలు తగ్గినంత మాత్రాన ఇంట్లో ఆడదాని మాట చెల్లుతోందంటే నేను ఒప్పుకోను. మగవాళ్లకు చేసే వేసెక్టమీ ఇప్పుడు కత్తి కోత, కుట్లు లేకుండానే నిమిషాల్లో అయిపోతుంది. అయినా "వాడు బరువులు మొయ్యాలి కదా" అంటారు. మరి ఆమె ఎత్తే బిందెలూ గడ్డిమోపులూ బరువులు కావా?

ఎమర్జెన్సీలో మగవాళ్లకు బలవంతంగా చేసిన ఆపరేషన్లు పెద్ద గొడవయ్యాక, భారమంతా ఆడవాళ్ల మీదికి జరిగింది. 2014లో బిలాస్‌పూర్ దగ్గర కొద్ది గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేసిన శిబిరం తర్వాత పదిమందికి పైగా తల్లులు చనిపోయారు. ఇప్పుడేమో జనం తగ్గిపోతున్నారని, ఇంకా కనమని నాయకులు చెబుతున్నారు. ఇద్దరు చాలన్నప్పుడూ ఆమెను అడగలేదు, ఇంకా కనమన్నప్పుడూ అడగలేదు.

స్త్రీ ఆపరేషన్‌కి భర్త సంతకం కావాలని ప్రభుత్వ మార్గదర్శకాల్లో లేదు. 18 నిండిన స్త్రీకి గర్భస్రావం చెయ్యాలన్నా చట్టం అడిగేది ఆమె సమ్మతినే. అయినా ఆస్పత్రుల్లో భర్త సంతకం అడుగుతూనే ఉన్నారు. ఆ అడిగేది మన వృత్తివాళ్లే. ఇంట్లో ఆమెకు లేని మాటను మన గదిలో కూడా లాక్కుంటే ఆమె ఇక ఎక్కడికి వెళ్లాలి?

అందుకే అత్తగారిని గౌరవంగానే కాసేపు బయట కూర్చోమనండి. తలుపు వేసి, గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రలు, కాపర్-టి, అన్నీ ఆమెకు అర్థమయ్యేలా చెప్పండి. భర్త ఆపరేషన్ చేయించుకునే వీలుందనీ చెప్పండి. "ఇంకా ఆలోచించుకుంటానమ్మా" అంటే ఫారం పక్కన పెట్టి, మళ్లీ రావాల్సిన తేదీ చీటీ మీద రాసివ్వండి. బయట అత్తగారు ఏమైందని అడిగితే, ఆ జవాబు మీరు చెప్పకండి. ఆమెనే చెప్పనివ్వండి.