ఫోనులో చోటు చాలనప్పుడు



హిందూపురం, బాగేపల్లి, ముళబాగిలు, కుప్పం వైపు నుంచి బెంగళూరు మహదేవపురకు పనికి వెళ్లినవాళ్లు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. అక్కడ వాళ్లు కొత్త ఫోను కొనుక్కుంటే పాతది ఊళ్లో అమ్మకో నాన్నకో చేరుతుంది. మనవరాలి ఆటపాటలు, పాసుపుస్తకం ఫొటో, పోయిన పెద్దాయన గొంతు, అన్నీ అందులోనే. ఒకనాడు స్టోరేజి నిండిపోయిందని తెరమీద కనబడుతుంది. ఇక ఫొటో తీయనివ్వదు, వాట్సాప్‌లో వచ్చిన వీడియో దిగదు, డబ్బు పంపే యాప్ అప్‌డేట్ కాదు. కంగారులో చేతికందినవన్నీ చెరిపేస్తాం. ఆ పనికి దిగకముందే ఈ నాలుగు మాటలు వినండి.

ముందు లెక్క చూద్దాం. డబ్బామీద 64 జీబీ అని ఉంటుంది. కంపెనీ లెక్కలో జీబీ అంటే వంద కోట్ల బైట్లు. కొన్ని ఫోన్లు వెయ్యికి బదులు 1024 చొప్పున కొలుస్తాయి కనుక అదే చోటు 59.6గా కనబడుతుంది. ఇందులో మోసం లేదు, కొలత తేడా అంతే. అసలు కోత ఆ తరువాత ఉంది. గూగుల్ ఇచ్చే ఆండ్రాయిడ్‌ను చాలా కంపెనీలు ఉన్నదున్నట్టు పెట్టవు. శాంసంగ్ మార్చి వన్ యూఐ అంటుంది, షావోమీ హైపర్ ఓఎస్ అంటుంది. తమ గ్యాలరీ, తమ బ్రౌజరు, తమ యాప్ అంగడి చేర్చి అమ్ముతాయి. మీరు ఒక్క ఫొటో తీయకముందే చాలా జీబీలు వాటికే సరి.

ఇదంతా ఎక్కడో దూరదేశంలో జరిగేది కాదు. శాంసంగ్ పరిశోధన కేంద్రం ఒకటి మహదేవపుర పక్కన దొడ్డనెక్కుందిలోనే ఉంది. తాళం వేసిన తెరమీద వార్తలూ బొమ్మలూ చూపే గ్లాన్స్ కూడా బెంగళూరు కంపెనీ ఇన్‌మొబి పెట్టినదే. మీ ఫోను నింపుతున్నదాంట్లో కొంత మన ఊరి పిల్లలే రాసి ఉండవచ్చు!

అక్కరలేనివాటిని తీసేయవచ్చా? 2022 అక్టోబరులో మన దేశపు కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ముందే పెట్టిన తన యాప్‌లను తీసేయకుండా గూగుల్ అడ్డుపడరాదని కూడా ఆదేశించింది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను ఖాయం చేసి, తీసేసే మాటను మాత్రం కొట్టివేసింది. వాడుకునేవాడి దృష్టిలో చూస్తే జరిమానాకన్నా ఆ మాటే ముఖ్యమని నా అభిప్రాయం. అందువల్ల చాలా యాప్‌లకు "అన్ఇన్‌స్టాల్" ఉండదు, "డిసేబుల్" ఉంటుంది. అది నొక్కితే యాప్ నిద్రపోతుంది, దాని అప్‌డేట్లు, అది పోగుచేసుకున్న డేటా పోతాయి. కంపెనీ మొదట కేటాయించుకున్న చోటు మాత్రం మీ చేతికి రాదు. కొంచెమే దక్కుతుందన్నమాట.

ఎక్కువ చోటు దొరికేది వాట్సాప్‌లో. సెట్టింగ్స్‌లో "స్టోరేజ్ అండ్ డేటా", అందులో "మేనేజ్ స్టోరేజ్" తెరవండి. పెద్ద వీడియోలు, పదేపదే చేతులు మారి వచ్చినవి విడిగా చూపిస్తుంది. పండుగ శుభాకాంక్షల వీడియోలు పోయినా ఎవరూ బాధపడరు. వాటంతటవే దిగే ఏర్పాటును అక్కడే ఆపేయవచ్చు.

ఇక అసలు ప్రమాదం. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ పెట్టుకున్నవారికి ఫొటోల నకలు గూగుల్ దగ్గర ఉంటుంది. 2021 జూన్ 1 నుంచి ఉచితంగా వచ్చేది జీమెయిల్, డ్రైవ్‌లతో కలిపి 15 జీబీయే. నకలు ఉంది కదా అని ఆ యాప్‌లోనే ఫొటోను చెరిపితే నకలు కూడా చెత్తబుట్టలో పడుతుంది. 60 రోజులు దాటితే రెండూ ఉండవు. ఫోనులో మాత్రమే ఖాళీ కావాలంటే ఆ యాప్‌లోనే "ఫ్రీ అప్ స్పేస్" అని ఉంటుంది, అది వాడాలి. ఇంకొకటి. బ్యాకప్ మామూలుగా కెమెరా ఫొటోలకే. వాట్సాప్ బొమ్మల ఫోల్డరును మీరుగా చేర్చాలి. వాట్సాప్‌లో వచ్చిన గొంతు సందేశాలు గూగుల్ ఫొటోస్‌లోకి ఏనాడూ వెళ్లవు.

కనుక పెద్దాయన గొంతును, పాసుపుస్తకం ఫొటోను ముందుగా ఒక పెన్‌డ్రైవులోకో కంప్యూటరులోకో ఎక్కించండి. మహదేవపుర నుంచి పిల్లలు పండుగకు వచ్చినప్పుడు వాళ్ల చేత చేయించండి, పావుగంట పని. ఎక్కించాక అక్కడ తెరిచి, మాట వినిపిస్తున్నదో లేదో చూసుకోండి. ఫోనును రీసెట్ చేస్తామని అంగడివాళ్లు అడిగితే, అది చూసుకున్న తరువాతే సరే అనండి.

సెలవు.