ఏటా గ్యాస్ అడిగే ఏసీ

ఎండలు ముదిరేసరికి ఏసీ చల్లబరచదు. మెకానిక్ వచ్చి, "గ్యాస్ అయిపోయిందండీ" అంటాడు. నింపించుకుంటాం. మళ్లీ ఏడాదికి అదే పాట.

నిజానికి ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోదు. మూసిన గొట్టాల్లోనే తిరుగుతూ గదిలోని వేడిని బయటికి మోస్తుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. బయటి యూనిట్ దగ్గర గొట్టాలు బిగించిన నట్ల చుట్టూ నూనె మరక, దానికి అంటుకున్న దుమ్ము కనిపిస్తే ముందు అక్కడే అనుమానించాలి. గొట్టాల్లో నైట్రోజన్ నింపి, అతుకులకు సబ్బు నురగ రాస్తే కారేచోట బుడగలు లేస్తాయి. అది బాగుచేసి, వాక్యూమ్ పంపుతో గాలి, తేమ లాగేశాకే, యూనిట్ మీద రాసిన బరువు ప్రకారం తూచి గ్యాస్ ఎక్కించాలి. ఇవేమీ లేకుండా నింపడమంటే కష్టార్జితాన్ని గాలికి వదలడమే. చూస్తుంటే బాధేస్తుంది.

మెకానిక్ వచ్చిన ప్రతిసారీ ఏం చేశారో రాసిన జాబ్ షీటు అడిగి దాచుకోండి. వారంటీలో ఉండగానే పదేపదే మొరాయిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు కొన్న వస్తువుకు ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. సమస్య తలెత్తిన 2 ఏళ్లలోపు మాత్రం ఫిర్యాదు చేయాలి.