ఇంటెన్సివ్ కేర్ నుంచి ఇంటికి: గుండె బలహీనపడినవారి సంరక్షణ



మన పల్లెల్లో ఎవరైనా ఉన్నట్టుండి పోతే "హార్టు ఫెయిలై పోయాడు" అంటాం. అందుకే ఆస్పత్రిలో డాక్టరుగారు "మీ నాన్నగారికి హార్ట్ ఫెయిల్యూర్" అనగానే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. వైద్యులు ఆ మాట వాడేది వేరే అర్థంలో. గుండె ఆగిపోలేదు, కొట్టుకుంటూనే ఉంది. ఒంటికి కావలసినంత రక్తాన్ని అందించే శక్తి దానికి తగ్గింది. అప్పుడు ఊపిరితిత్తులలో, కాళ్ళలో, పొట్టలో నీరు చేరుతుంది. ఆయాసం వస్తుంది, పడుకుంటే ఊపిరాడదు. ఇలా ఐసియులో చేరి, గండం గడిచి ఇంటికి వచ్చినవారి గురించి ఈ రోజు చెప్పుకుందాం.

ఐసియులో గంట గంటకూ ఎవరో ఒకరు చూశారు. రక్తపోటు, నాడి, పోసిన మూత్రం, అన్నీ రాశారు. ఇంటి గడప తొక్కగానే ఆ కాపలా ఒక్కసారిగా ఆగిపోతుంది. మళ్ళీ ఆస్పత్రి పాలయ్యే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ మొదటి కొన్ని వారాలలోనే. కాబట్టి ఆ కాపలా పని ఇకమీదట ఇంట్లోవాళ్ళు చేయాలి. అది కష్టమైన పనేమీ కాదు.

మొదట కాగితం సంగతి. ఆస్పత్రివారు ఇచ్చే డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. మనం ఇంట్లో మాట్లాడేది తెలుగు. బళ్ళారి, కోలారు వైపు పిల్లలు చదివేది కన్నడం, హోసూరులో తమిళం, రాయగడలో ఒడియా, నాందేడులో మరాఠీ. యానాంలో తెలుగు చదువుతారు గాని కాగితం అక్కడా ఇంగ్లీషే. ఇంటికి బయలుదేరే ముందే నర్సమ్మ దగ్గరో, మందుల షాపులోనో ఒక్కొక్క మాత్ర చూపించి, ఇది దేనికి, ఎప్పుడు వేయాలి, ఎన్నాళ్ళు వాడాలి అని అడగండి. ఇంట్లో ఎవరికి ఏ లిపి వస్తే ఆ లిపిలోనే రాసుకోండి. మనవరాలికి కన్నడమే వస్తే కన్నడంలోనే రాయనివ్వండి. మందు తప్పకుండా పడడం ముఖ్యం.

ఇక రెండో సంగతి, బరువు. ఒక బరువు చూసే మిషను కొనండి. రోజూ పొద్దున లేచి, మూత్రానికి వెళ్ళి వచ్చి, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టలతో బరువు చూసి నోటుబుక్కులో రాయండి. రెండు మూడు రోజులలో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. కాళ్ళ వాపు, ఆయాసం కనబడడానికి ముందే మిషను ఆ కబురు చెబుతుంది. ఆ రోజే డాక్టరుగారికి ఫోను చేయాలి. వారం ఆగితే మళ్ళీ ఐసియు మెట్లు ఎక్కవలసి రావచ్చు.

మూడోది మందులు. గుండె బలం తగ్గినవారికి ఈ రోజుల్లో సాధారణంగా నాలుగు రకాల మందులు కలిపి ఇస్తున్నారు. వాటికి తోడు నీరు తీసే మాత్ర ఉంటుంది. నీటి మాత్రతో ఆయాసం రెండు రోజులలో తగ్గుతుంది. మిగిలినవి నెలల తరబడి గుండెను కాపాడతాయి. చిక్కు ఇక్కడే వస్తుంది. ఒళ్ళు తేలికపడగానే "బాగానే ఉందిగా, ఇక ఎందుకు" అని మాత్రలు మానేస్తారు. బాగున్నది ఆ మాత్రల వల్లనే.

మోతాదు కూడా మొదట తక్కువగా మొదలుపెట్టి, మెల్లగా పెంచుతారు. అందుకని తిరిగి చూపించుకోవడం తప్పనిసరి. 2022లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో కొందరిని ఇంటికి పంపాక తరచుగా పిలిచి, రక్తపరీక్ష చేసి, మందులు త్వరగా పెంచారు. వారిలో ఆరు నెలలలోపు చనిపోయినవారు, గుండె జబ్బుతో మళ్ళీ ఆస్పత్రిలో చేరినవారు కలిపి నూటికి 15 మంది. మామూలు పద్ధతిలో చూసినవారిలో 23 మంది. రాయగడ నుంచి విశాఖపట్నం, కృష్ణగిరి నుంచి బెంగళూరు ప్రతి వారం పోవడం అందరికీ కుదరదు. అటువంటప్పుడు దగ్గరి ఊళ్ళో ఒక డాక్టరును ముందే చూసుకుని, కాగితాల నకలు ఆయనకు ఇవ్వండి. వారం పది రోజులలో మూత్రపిండాల పరీక్ష, పొటాషియం పరీక్ష చేయించండి.

ఒక హెచ్చరిక. మోకాళ్ళ నొప్పులని అంగడిలో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు ఒంట్లో నీరు నిలవ చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా వెంటనే అడగండి. ఆ రోజుల్లో కొన్ని మాత్రలు తాత్కాలికంగా ఆపవలసి రావచ్చు.

నాలుగోది ఉప్పు. రోజు మొత్తానికి అయిదు గ్రాములకు లోపు, అంటే ఒక టీ చెంచాకు తక్కువ. కూరలో వేసింది మాత్రమే లెక్క కాదు. ఊరగాయ, బరంపురం అప్పడం, యానాం ఎండు చేప, ఉగ్గాణితో తినే మిరపకాయ బజ్జీ, అన్నీ ఆ చెంచాలోకే వస్తాయి. తాలింపులో మిరియాలు, జీలకర్ర, అల్లం, వెల్లుల్లి వేసి, దించాక నిమ్మరసం పిండితే చప్పిడి కూరా నోటికి రుచిస్తుంది. బజారులో దొరికే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది. డాక్టరు సరే అంటేనే వాడండి. రోజుకు ఎంత నీరు తాగవచ్చో కూడా అడిగి తెలుసుకోండి. రాయచూరు, బళ్ళారి ఎండల్లో ఆ లెక్క మారవచ్చు కనుక వేసవి వచ్చేటప్పుడు మళ్ళీ అడగండి.

చివరగా మనసు సంగతి. ఐసియులో కొన్నాళ్ళు ఉన్నవారు బాగా నీరసిస్తారు. కొందరికి నిద్ర పట్టదు, పీడకలలు వస్తాయి, చిన్నమాటకే కన్నీళ్ళొస్తాయి. "ఏమయింది నీకు, బాగయ్యావు కదా" అని కసరకండి. పక్కన కూర్చోండి. డాక్టరు సరేనన్నాక మొదట ఇంట్లో పది అడుగులు, తర్వాత వాకిట్లో, ఆపైన వీధి చివరి దాకా నడిపించండి. పొగాకు, సారా దగ్గరికి రానివ్వకండి. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా గురించి అడగండి.

నిన్న ఒక దిండుతో పడుకున్న మనిషి ఈ రోజు మూడు దిండ్లు అడిగినా, అర్ధరాత్రి ఊపిరాడక లేచి కూర్చున్నా, గుండెలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా తెల్లవారేదాకా చూడవద్దు. 108కి ఫోను చేయండి. మాత్రలు రాసుకున్న నోటుబుక్కు వెంట తీసుకుపోండి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుకు మీ భాష రాకపోవచ్చు. ఆ పుస్తకంలో రోజువారీ బరువులు, మాత్రల పేర్లు ఉంటే ఆయనకు సగం సంగతి అప్పటికే తెలుస్తుంది.

ఈ రోజే ఒక నోటుబుక్కు తీసి, రేపు పొద్దున బరువు చూసి, మొదటి పుటలో రాయండి.