మెడ నొప్పి, చేతి తిమ్మిరి: కత్తి అవసరం లేని వైద్యం
(ప్రసంగ పాఠం)



పైరుకు వచ్చే తెగుళ్ళను గురించి, ఎరువులను గురించి మనం తరచుగా ముచ్చటించుకుంటూ ఉంటాము. ఈనాడు ఆ పైరును పండించే చేతిని గురించి, పంటను మోసే మెడను గురించి కొన్ని విషయాలు మనవి చేయదలచాను.

అరకు, అనంతగిరి, డుంబ్రిగుడ, పాడేరు, చింతపల్లి ప్రాంతాలలో బండి పోలేని కొండదారులు అనేకం ఉన్నాయి. కట్టెల మోపు గాని, నీళ్ళ బిందె గాని, కాఫీ పండ్ల బస్తా గాని నెత్తి మీదనో, భుజాన కావడి మీదనో మోసుకొని దిగవలసిందే. నవంబరు మొదలు జనవరి వరకు కాఫీ కోతలో ఒక్కొక్క పండునూ వేళ్ళతో తుంచాలి. మిరియాల కోత వచ్చినదంటే, సిల్వర్ ఓక్ చెట్టుకు పాకిన తీగ కొరకు నిచ్చెన మీద తల పైకెత్తి గంటల తరబడి నిలబడాలి. ఇట్టి పనుల వలన మెడ, మణికట్టు అలసిపోతాయి. నొప్పి, తిమ్మిరి మొదలైన తరువాత కూడ, ఆసుపత్రికి పోతే కోసేస్తారేమోనన్న భయంతో కొందరు నెలల తరబడి ఓర్చుకుంటారు. నిజానికి ఈ రెండు బాధలలోనూ ఎక్కువమందికి శస్త్రచికిత్స అవసరం రాదు. అయితే వైద్యం వేళకు మొదలుపెట్టాలి.

మొదట మెడ సంగతి చూద్దాము. మెడలో ఏడు వెన్నుపూసలు ఉన్నాయి. పై రెండింటి మధ్య తప్ప, మిగిలిన పూసల నడుమ మెత్తని బిళ్ళలు ఉంటాయి. వీటినే డాక్టర్లు డిస్కులు అంటారు. వయసుతో పాటు ఈ బిళ్ళలలోని తేమ తగ్గి, గట్టిపడి, పలుచబడతాయి. బరువుల వలన ఈ అరుగుదల ఎక్కువ కావచ్చును. 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అనే వైద్య పత్రికలో, ఆఫ్రికాలో నెత్తిన మూటలు మోసేవారి మెడ బాధలను గురించి "పోర్టర్స్ నెక్", అనగా కూలివాని మెడ, అనే పేరుతో ఒక వ్యాసం వెలువడినది. బిళ్ళ పక్కకు ఉబికి నరాన్ని ఒత్తితే నొప్పి మెడ నుండి భుజానికి, చేతికి జారుతుంది. తల ఒకవైపుకు తిప్పినపుడు, వెనుకకు వంచినపుడు ఎక్కువవుతుంది.

ఇక మణికట్టు. అరచేతి మొదట ఎముకల నడుమ ఒక ఇరుకు దారి ఉన్నది. దీని పేరు కార్పల్ టన్నెల్. వేళ్ళను ముడిచే తొమ్మిది స్నాయువులు, మీడియన్ అనే నరము ఈ దారి గుండానే పోతాయి. కత్తి, బొరిగె బిగించి పట్టి పదే పదే పనిచేయడం వలన అక్కడ వాపు వచ్చి నరము నలుగుతుంది. ఈ బాధ స్త్రీలలో ఎక్కువ. గర్భిణులకు, మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవారికి కూడ వస్తుంది.

తిమ్మిరి ఏ చోటి నుండి వచ్చినదో కొంతవరకు మీరే పోల్చుకొనవచ్చును. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలులో సగం మొద్దుబారి, చిటికెనవేలు బాగుండి, నడిరాత్రి మెలకువ వచ్చి చేయి విదిలిస్తే హాయిగా ఉన్నదంటే అది చాలావరకు మణికట్టు బాధ. మెడ కదలికతో నొప్పి మారుతూ, భుజం నుండి చేతికి దిగుతూ ఉంటే మెడను అనుమానించాలి. ఒకే మనిషికి రెండూ ఉండవచ్చును కూడ. అందుచేత డాక్టరు పరీక్ష తప్పదు.

మరియొక ముఖ్య విషయం. చర్మం మీద స్పర్శ లేని మచ్చ గాని, చిటికెనవేలు ముడుచుకుపోవడం గాని ఉంటే కుష్ఠువ్యాధి పరీక్ష వెంటనే చేయించుకోండి. దానికి ప్రభుత్వ ఆసుపత్రులలో మందులు ఉచితం. వేళకు వాడితే పూర్తిగా నయమవుతుంది. సిగ్గుపడి దాచుకుంటే చేయి వంకరపోతుంది.

మెడ బాధకు వైద్యం ఇది. మొదటి కొద్ది రోజులు బరువులు మాని, మామూలు పనులు చేసుకుంటూ ఉండాలి. పూర్తిగా మంచం పట్టడం మేలు కాదు. వేడినీటిలో ముంచి పిండిన గుడ్డతో కాపడం పెట్టుకోవచ్చును. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులే వాడాలి. సంతలోనో, దుకాణంలోనో కొన్న మాత్రలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడవచ్చును, మూత్రపిండాలు చెడవచ్చును. మెడ పట్టీ అవసరమైతే కొద్ది రోజులే కట్టుకోవాలి. ఎక్కువకాలం కడితే మెడ కండరాలు బలహీనపడతాయి.

నొప్పి కాస్త తగ్గగానే వ్యాయామం మొదలుపెట్టాలి. నిటారుగా కూర్చుని, తల వంచకుండా, గడ్డాన్ని తిన్నగా వెనుకకు లాగి, ఐదు లెక్కపెట్టి వదలండి. ఇట్లా పదిసార్లు, ఉదయం, సాయంత్రం చేయాలి. తరువాత అరచేతిని నుదుటికి ఆనించి, తల కదలకుండా చేయీ తలా ఒకదానినొకటి మెల్లగా నొక్కాలి. తల వెనుక, రెండు పక్కల కూడ అట్లాగే చేయాలి. చేతిలోకి నొప్పి పెరిగితే ఆపివేసి డాక్టరుకు చెప్పండి. ఈ విధంగా చాలామందికి ఆరు నుండి పన్నెండు వారాలలో బాధ తగ్గుతుంది. ఉబికిన బిళ్ళ కాలక్రమంలో దానంతటదే కుంచించుకుపోవడం కూడ ఉన్నది.

మణికట్టు బాధకు మొదటి మందు రాత్రి పట్టీ. మణికట్టు వంగకుండా తిన్నగా ఉండేటట్లు, వేళ్ళు కదిలేటట్లు పట్టీ కట్టుకుని పడుకోవాలి. కనీసం ఆరు వారాలు వాడాలి. బిగించి కట్టరాదు. అప్పటికీ తగ్గకపోయినా, బాధ ఎక్కువగా ఉన్నా, డాక్టరు మణికట్టులో స్టీరాయిడ్ ఇంజెక్షను ఇస్తారు. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ పరిశోధనలో, ఆరు వారాలనాటికి పట్టీకన్న ఒక్క ఇంజెక్షనే ఎక్కువ ఉపశమనం ఇచ్చినది. ఆరు నెలలనాటికి రెండింటికీ తేడా కనబడలేదు. కోతల రోజులలో త్వరగా ఉపశమనం కావలసినవారు ఈ సంగతి డాక్టరుతో మాట్లాడుకోవచ్చును. మధుమేహం ఉన్నవారు ఆ మాట ముందే చెప్పాలి. గర్భిణులకు ప్రసవం తరువాత ఈ తిమ్మిరి చాలావరకు తగ్గిపోతుంది.

వైద్యంతో పాటు పని పద్ధతి కూడ మార్చుకోవాలి. ఒక పెద్ద మోపుకు బదులు రెండు చిన్న మోపులుగా తేవడం మంచిది. మెడ బాధ ఉన్నవారు నెత్తిన మోయడం మాని, బరువును వీపు మీద రెండు పట్టీల సంచిలో వేసుకోవాలి. కావడి మోసేవారు భుజం మారుస్తూ ఉండాలి. మిరియాలు కోసేటపుడు నిచ్చెనను తీగకు దగ్గరగా జరుపుకుంటే మెడ ఎక్కువగా ఎత్తవలసిన పని ఉండదు. కత్తెర, కత్తి పదునుగా ఉంచుకోండి. బొరిగె పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు తేలికవుతుంది. పల్పరు తిప్పడం ఇంటిలోని వారు వంతులవారీగా చేయాలి.

చేయకూడనివి కూడ చెప్పాలి. మెడ విరిపించుకోవడం, వాతలు పెట్టించుకోవడం మానండి. మెడను ఒక్కసారిగా మెలితిప్పితే నరానికి, మెదడుకు పోయే రక్తనాళానికి దెబ్బ తగలవచ్చును. వాత వలన పుండు పడుతుందే గాని ఒత్తిడి తగ్గదు.

కొన్ని గుర్తులు కనబడితే ఆలస్యం చేయరాదు. నడక తూలడం, గుండీలు పెట్టుకోలేకపోవడం, చేయి బలం తగ్గిపోవడం, మలమూత్రాలు అదుపు తప్పడం, మెడ నొప్పితో పాటు జ్వరం గాని చిక్కిపోవడం గాని ఉండటం, బొటనవేలి మొదటి కండ కరిగిపోవడం అట్టి గుర్తులు. ఇట్టివారిలో కొందరికి శస్త్రచికిత్సే చేయిని, కాలిని కాపాడుతుంది. జీలుగు చెట్టు మీదనుండో, నిచ్చెన మీదనుండో పడినవారి మెడను కదపకుండా 108కి ఫోను చేయండి.

మొదట మీ ఆశా కార్యకర్తకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని డాక్టరుకు చూపించండి. అవసరమైతే అరకు, పాడేరు ప్రభుత్వ ఆసుపత్రులకు, అక్కడినుండి విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికి పంపుతారు.

తెగులు ఆకు మీద మచ్చగా ఉన్నప్పుడే మందు కొట్టే రైతు, తన చేతి తిమ్మిరిని కండ కరిగేవరకు విడువకూడదు. రాబోయే కాఫీ కోతకు ముందే, తిమ్మిరి ఉన్న ప్రతి ఒక్కరూ ఒకసారి పరీక్ష చేయించుకొనవలసినదిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.