ఇంటి జనరేటర్ కానుగ నూనెతో నడుస్తదా?

గాలివాన వస్తే మన మాచారెడ్డి దిక్కు కరెంట్ ఎప్పుడొస్తదో చెప్పలేం. అందుకే కొందరి ఇంట్లో చిన్న జనరేటర్ ఉంటది. డీజిల్ ధర చూసి చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, దీన్ని వేరే ఇంధనంతో నడపొచ్చా?"

నడపొచ్చు. కానీ మీది డీజిల్ జనరేటర్ అయితేనే. పెట్రోల్ దాంట్లో నూనె పోయకండి, నడవది. డీజిల్ ఇంజన్‌కు మాత్రం నూనె కొత్త కాదు. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లోనే ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను పల్లి నూనెతో నడిపి చూపించిర్రు.

మన దగ్గర పల్లి నూనె కూరకే సాలదు. కానుగ నూనె తినేది కాదు, చెట్లేమో రోడ్ల పొంటి కనిపిస్తనే ఉంటాయి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా చల్పడిలో కానుగ నూనెతోనే జనరేటర్ నడిపి కరెంట్ తీసిర్రు. అదే జిల్లాలో పవర్‌గూడ మహిళలు గింజలు ఏరి, గానుగ పట్టించి నూనె తీసిర్రు. ఆ నూనె డీజిల్‌కు బదులు పనికొస్తదని లెక్కగట్టి, 2003లో ప్రపంచ బ్యాంక్ 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు 645 డాలర్లు ఇచ్చింది.

ఇప్పుడు అసలు పని. కానుగ నూనె డీజిల్ కంటే చాలా చిక్కగా ఉంటది. చల్లటి ఇంజన్‌లో పోస్తే సరిగ్గా కాలదు, ఇంజెక్టర్‌కు మసి పడతది. అందుకే రెండు ట్యాంకులు పెడతారు. ముందు డీజిల్‌తో స్టార్ట్ చేయాలి. ఇంజన్ వేడెక్కినంక వాల్వ్ తిప్పి నూనెకు మార్చాలి. నూనెను ముందే మంచిగ వడకట్టి, వేడి చేసి పంపాలి. బంద్ చేసే ముందు మళ్లీ డీజిల్‌కు మార్చి కొద్దిసేపు నడపాలి, లేకపోతే పైపులో నూనె గడ్డకట్టి తర్వాత స్టార్ట్ కాదు. ఈ పని తెలిసిన మెకానిక్‌తోనే చేయించండి. వారంటీ ఉంటే పోతదేమో ముందే అడగండి.

ఇక లెక్క. సుమారు నాలుగు కిలోల గింజలకు ఒక కిలో నూనె వస్తది. లీటర్ డీజిల్‌కు చిన్న జనరేటర్ మూడు యూనిట్ల దాకా ఇస్తది, కానుగ నూనెకు ఇంకొంచెం తక్కువ. అంటే ఆ నాలుగు కిలోలతో 3 హెచ్‌పీ మోటర్ గంట నడిస్తే గొప్ప. పది గంటలకు నలభై కిలోలు పైనే. ఎండాకాలంలో కాయలు ఏరాలి, కొట్టాలి, ఎండబెట్టాలి, గానుగకు తీసుకపోవాలి. ఒక్క ఇంటికి ఇది సాగే ముచ్చట కాదు.

అందుకే నేను చెప్పేది ఒకటే. కిట్ కొనే ముందు ఇంజన్‌ను కాదు, ఇంధనాన్ని చూడండి. ఎవరు ఏరుతరు, ఎక్కడ పట్టిస్తరు, ఏడాదికి ఎంత వస్తది? పవర్‌గూడలో పని సాగిందంటే ఊరి ఆడోళ్లు సంఘంగా కలిసిర్రు కాబట్టి. నూనె తీసినంక మిగిలిన చెక్క పొలానికి ఎరువైతది, అదీ లాభమే. ఒంటరిగా చేస్తే డీజిల్ పైసలు మిగలవు, ఉన్న ఇంజన్ పాడైతది.

ఏ ఇంధనం పోసినా రెండు విషయాలు మరవద్దు. జనరేటర్‌ను ఇంట్లో, వరండాలో పెట్టకండి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండనే ప్రాణం తీస్తది. చేంజోవర్ స్విచ్ లేకుండ ఇంటి వైరింగ్‌కు కలపకండి. మీ కరెంట్ ఎదురు లైన్లోకి పోతే, స్తంభం మీదున్న లైన్‌మన్ అన్న ఇంటికి తిరిగిరాడు.

మీ ఊర్లో కానుగ చెట్లు ఎన్ని ఉన్నాయో ఈ ఎండాకాలం ఒక్కసారి లెక్కపెట్టండి. ఆ లెక్క చేతిలో ఉంటే మహిళా సంఘంతో మాట్లాడొచ్చు. ఉంటా మరి.